గిన్నెలో ఉన్నది టీ కాదు

అత్తయ్యా, స్టవ్ మీది గిన్నెలో ఉన్నది టీ కాదు, బొమ్మల మైనం. మీ అబ్బాయి కప్పుతో వస్తే ఆపండి. రంగు చూడాలనిపిస్తే ఒక చుక్క సాసర్‌లో వేసి, గట్టిపడ్డాక చూడండి. కరిగి ఉన్నప్పుడు ముదురుగా కనిపించి మోసం చేస్తుంది.

తెల్ల మైనంతో ఆయన ముఖం చేస్తే, మీరు "పిండిముద్దకు ముక్కు పెట్టావేంటమ్మా" అన్నారు. కొత్త కోడల్ని కదా, కాస్త ఉడుక్కున్నాను. కానీ టీ రంగు కలపమన్నదీ మీరే. నీడలు తేలి, ముక్కు మీది కోపంతో సహా ఆయనే బొమ్మలోకి దిగిపోయారు.

కంచులో పోత పోస్తారేమో అడగడానికి బొమ్మను, నాకు శిల్పం నేర్పిన మా మాస్టారి దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఒప్పుకుంటే అది నా మొదటి కంచు బొమ్మ. సగం మీది.

మరిచాను, బొమ్మ బుగ్గ మీద నేను పెట్టిన సొట్ట ఆయనకు లేదని ఇప్పుడే గమనించాను. అది మీది. చెరపబుద్ధి కాలేదు.