కొత్త రూలు కోసం కాచుకొన్న హెర్నియా

శ్రీయుత పర్సనెల్ మేనేజరు శరత్ గారి సముఖమునకు, హోసూరు పక్క మూకండపల్లి నివాసి, ప్రెస్ షాపు ఆపరేటరు పాపన్న రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సిక్కు లీవు కొత్త రూలు వచ్చువరకు నా హెర్నియా ఆపరేషనును వాయిదా వేసుకొనుట, తత్ఫలితముగా తమరు మైకులో మాట్లాడుచుండగా నేను స్టేజీ మీద పడిపోవుట గురించి.

తమరు చిత్తూరు వైపువారని తెలిసి తెలుగులో రాస్తున్నాను. తమిళంలో రాస్తే ఆఫీసుకు వాటంగా ఉంటుందని మా సూపర్వైజరు మునిరాజ్ గారు చెప్పినారు. కానీ నాకు నొప్పి తెలుగులో వచ్చినది గనుక అట్లే విన్నవించుకొంటున్నాను.

1. నాకు పొట్ట కింద కుడి పక్కన నిమ్మకాయంత గడ్డ ఒకటి ఏర్పడినది. సదరు గడ్డ నిలబడితే బయటికి వచ్చును, పడుకొంటే లోపలికి పోవును. నా భార్య నంజమ్మ నన్ను హోసూరులో డాక్టరు సుధామణమ్మ వద్దకు పిలుచుకొని పోయినది. ఆడ డాక్టరని నేను సిగ్గుపడి, చొక్కా పై గుండీ మాత్రం విప్పి నిలబడినాను. "గడ్డ ఆడ లేదు తల్లీ, కింద ఉంది" అని నంజమ్మే చెప్పినది. డాక్టరమ్మ చూసి, ఇది హెర్నియా, కోసి కుట్టవలె, భయం లేదు, ఆలస్యం మాత్రం వద్దు అని ఆపరేషనుకు తేదీ ఇచ్చినది.

2. అంతలో నోటీసు బోర్డులో తమ సంతకంతో ఒక కాగితం పడినది. ఆపరేషను చేయించుకొను కార్మికులకు ఇన్నాళ్ళు ఇచ్చే సగం జీతం బదులు, వచ్చే నెల నుండి పూర్తి జీతం ఇవ్వబడును అని. నేను సంతోషించి ఇంట్లో చెప్పినాను. సగం జీతమైతే ఇంటి బాడుగకే సరిపోతుంది, ఒక నెల ఆగుతాను అన్నాను. నంజమ్మ చేటలో రాగులు చెరుగుతా, "నీ పేగుకు నోటీసు బోర్డు చదివేకి వస్తుందా?" అని అడిగినది. అయినా నేను పోయి తేదీ మార్చుకొన్నాను.

3. నెల వచ్చినది, రూలు రాలేదు. హెడ్డాఫీసులో సంతకం కాలేదు, ఇంకో నెల పట్టును అని రెండో కాగితం పడినది. మళ్ళీ డాక్టరమ్మ వద్దకు పోయినాను.

"ఏమప్పా, కోయించుకొనేకి వచ్చినావా, మాట్లాడేకి వచ్చినావా?"

"మాట్లాడేకే అమ్మా."

"అది బయటికొచ్చి బిగుసుకొనిందంటే తేదీ నువ్వు చెప్పవు, నేనూ చెప్పను. అదే చెప్తుంది."

అయినా ఆగినాను. ఆ నెలంతా తుమ్ము వస్తే గోడ పట్టుకొని తుమ్మినాను. లేత్ సెక్షను శక్తి క్యాంటీనులో జోకులు చెప్తాడు గనుక అతని పక్కన కూర్చొని తినడం మానుకొన్నాను. నా మీద ఏం కోపం అని అతడు నన్ను నిలబెట్టి అడిగినాడు. నవ్వితే పేగు బయటికి వస్తుందని ఎట్ల చెప్పేది?

4. చివరికి రూలు వచ్చినది. దాని కిందనే చిన్న అక్షరాలలో ఒక షరతు ఉండినది. రూలు అమలుకు ముందే డాక్టరు చూసిన జబ్బులకు ఇది వర్తించదు అని. నేను ఆ వాక్యమును బోర్డులో ఉండిన మూడు భాషల్లోనూ చదివినాను. మూడింటిలోనూ అట్లే ఉండినది. ఇంక వేరే దారి లేక డాక్టరమ్మ వద్దకు పోయి, "అమ్మా, దీన్ని మీరు ఈ దినమే మొదటి తూరి చూసినట్టు రాసిస్తారా?" అని అడిగినాను. ఆమె కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టినది. "నేను అబద్ధం రాసేదాన్ని కాదప్పా. రాసినా, నీ హెర్నియా ఈ దినం పుట్టిందాని మాదిరి నడుచుకొంటుందా?" అన్నది.

ఆ దినం నుండి నాకు జబ్బే లేనట్టు తిరిగినాను. కొన్నాళ్ళు పోయినాక వేరే ఊర్లో, వేరే డాక్టరు వద్ద కొత్తగా కనిపెట్టించుకోవలెనని నా ఆలోచన.

5. ఆ కొత్త రూలును కార్మికులకు వివరించుటకు తమరు షెడ్డు వెనక మీటింగు పెట్టినారు. మీటింగు మొదలైనాక తమ మాట వెనక వరసకు వినపడలేదు. మునిరాజ్ గారు నన్ను చూసి, "పాపన్నా, ఆ స్పీకరు పెట్టె ఎత్తి స్టేజీ అంచున పెట్టప్పా" అన్నారు. ఎత్తను అంటే ఎందుకు అంటారు. ఎందుకో చెప్తే పాత జబ్బు అని బయటపడును. కాబట్టి ఎత్తినాను.

గడ్డ బయటికి వచ్చి, నేను స్టేజీ మీదనే పడిపోయినాను. ఈ తూరి పడుకొన్నా అది లోపలికి పోలేదు. అప్పుడు తమరు మైకులో "కార్మికుల ఆరోగ్యమే..." అంటా ఉండినారు. ఆ వాక్యం ఎట్ల ముగిసిందో నాకు తెలియదు. తమరు మైకు పడేసి వచ్చి నా తల పట్టుకొన్నది మాత్రం తెలుసు. అది నేను మరువను.

6. అదే పూట ఆపరేషను జరిగినది. ఇంకొంచెం ఆలస్యమైతే పేగు కుళ్ళేదని సుధామణమ్మ నంజమ్మతో చెప్పినదట. నాకు మెలకువ వచ్చినాక నేను అడిగిన మొదటి మాట, "ఇది ఏ రూలు కింద వస్తుంది?" అని. నంజమ్మ కొంగుతో మొగం కప్పుకొని బయటికి పోయి, చాలాసేపు లోపలికి రాలేదు. కుట్ల కన్నా అది ఎక్కువ నొప్పించినది.

తరువాత తమ ఆఫీసు నుండి నమితమ్మ ఫోను చేసినది. "అన్నా, ముందే అనుకొన్న ఆపరేషనైతే పాత జబ్బు, పూర్తి జీతం రాదు. అనుకోకుండా అయిందంటే, వారం ముందుగా తెలియజేయాలని రూలు, నువ్వు తెలియజేయలేదు, అప్పుడూ రాదు" అన్నది.

"అనుకోకుండా అయ్యేదాన్ని వారం ముందుగా ఎట్ల చెప్పేదమ్మా?"

"నేనూ అదే అడిగినాను అన్నా. హెడ్డాఫీసులో మళ్ళీ కాగితం చూసుకొని చెప్తామన్నారు."

7. నా జీతం సంగతి తమ దయకు వదిలిపెడుతున్నాను. ఈ అర్జీ అందుకు కాదు. క్యాంటీనులో టీ పెట్టే రేణు తమకు తెలుసు. కావేరిపట్టణం పిల్ల. ఆమెకు పిత్తాశయంలో రాళ్ళు. షరతు తీసేస్తారని ఎవరో చెప్పగా, ఆమెయూ ఆపరేషను ఆపుకొని కాచుకొని ఉన్నది. నేను ఇంటికి పిలిపించి, వద్దమ్మా, నన్ను చూడు అన్నాను. ఆమె నన్ను కింది నుండి పైదాకా చూసి, "నువ్వు బాగనే ఉండావు కదన్నా" అన్నది. నేను బతికి ఉండుటయే ఆమెకు ధైర్యమైనది. నా మాట వినదు, బోర్డు మాట వింటుంది. కావున, జబ్బు ఎప్పుడు తెలిసినా జీతం ఒకటేనని, ఎవరూ ఆపుకోవద్దని ఒక్క వరస రాసి అంటించవలెనని ప్రార్థన.

ఇంత దూరం ఓపికగా చదివిన తమరు, ఇంకొంచెం ఓపికతో చిత్తగించవలెను.

కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న తమ విధేయుడు,
పాపన్న

తా.క.: సార్, పైది నిన్న రాసి కవరులో పెట్టినాను. తెల్లవారుతూనే రేణు ఫోను చేసింది, వాంతులు ఆగలేదు, నిలబడలేకుండా ఉంది. నేనూ నంజమ్మా ఆటోలో వేసుకొని కృష్ణగిరికి తెచ్చినాము, వాళ్ళమ్మకు దగ్గరని. నన్ను వంగొద్దని చెప్పినారు గాబట్టి నంజమ్మే ఆమెను ఎత్తుకొని దించింది. ఆస్పత్రి వరండాలో కూర్చొని రాస్తున్నాను, సదరు గిదరు రాసే ఓపిక లేదు. ఇప్పుడే ఆపరేషనుకు లోపలికి పిలుచుకొని పోయినారు. డాక్టరు భయం లేదన్నాడు. పోతా పోతా రేణు నా చెయ్యి పట్టుకొని, "అన్నా, నాకు లీవు లెటరు రాసిస్తివా?" అని అడిగింది. రాసిస్తినమ్మా, పో అన్నాను.

ఇదే సార్ ఆ లెటరు.