నీలం టోపీ

పాయా లేబర్,
గురువారం

నాయనా సర్ఫరాజ్,

నీకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇది మీ అమ్మే చదివి వినిపించాలి. తాహెరా, నేను తిట్టిన చోట కూడా మింగకుండా చదువు.

ఫోన్లో తిడితే మధ్యలో పెట్టేస్తావు, అందుకని రాస్తున్నాను. మా లోహిత్‌ని డెంగీ జ్వరం తీసుకుపోయాక వాడూ నువ్వూ ప్రాణం పెట్టే ఎర్రటోపీల బేస్‌బాల్ జట్టు ఆడుతున్న మొదటి సీజన్ ఇది. అమెరికాలో రాత్రి ఆట మనకి పొద్దున వస్తుంది కదా. మీ అంకుల్ ఆఫీసుకి వెళ్ళగానే టీవీ పెడుతున్నాను. హాకర్ సెంటర్లో తినబోయే ముందు ఈ సీటు మాదని చోప్ చేసినట్టు సోఫా మీద రెండు టిష్యూ ప్యాకెట్లు పెడుతున్నాను. ఒకటి వాడికి, ఒకటి నీకు.

ఏం ఆటరా అది! "బేస్‌బాల్ అంటే కర్రాబిళ్ళ లాంటిదే అమ్మా, కొట్టి మూడు మూలలూ తిరిగి ఇంటికొచ్చెయ్యాలి" అని వాడు నాకు నేర్పాడు. ఈ దరిద్రులు మూడో మూల దాకా వచ్చి అక్కడే గుడ్లప్పగించి నిలబడిపోతున్నారు. బంతి విసిరేవాడు అక్షింతలు వేసినట్టు వేస్తున్నాడు. మొదటి ఆటలో నీలంటోపీల చేతిలో ఓడారు, అప్పట్నుంచి ఒక్కటీ గెలవలేదు. వాడుంటే రిమోట్ విసిరేసేవాడు, నువ్వు పట్టుకునేవాడివి.

మరి నువ్వెక్కడరా? రోజూ మా బ్లాకు కింద నుంచే ట్రైనుకి వెళ్తావు. గుమ్మం దాకా వచ్చి లోపలికి రానివాళ్ళంటే నాకిప్పుడు ఒళ్ళు మంట. పోనీ అనుకున్నాను. నిన్న తంజోంగ్ పగార్ స్టేషన్లో నిన్ను చూశాను. నీ నెత్తిన నీలం టోపీ! నన్ను చూసి జనంలోకి తప్పుకున్నావు. పోయినవాడి జట్టు ఓడుతోందని గెలిచేవాళ్ళ పంచన చేరావా? చిన్నప్పట్నుంచి ఒకే కంచంలో తిన్నారే!

ఆదివారం ఆట దాకా చూస్తాను. తర్వాత వాడి ఎర్రటోపీ వంటింట్లో చెత్తగొట్టంలో పడేస్తాను. ఇంక ఎవరి కోసం?

కడుపు రగిలిపోతున్న
లోహిత్ అమ్మ, కమల


ఆదివారం సాయంత్రం

నాయనా,

పొద్దున నువ్వు వచ్చినప్పుడు అడగాల్సింది అడగలేకపోయాను, అందుకే మళ్ళీ కాగితం, మీ అంకుల్ చేతికిచ్చి పంపుతున్నాను.

తలుపు తీస్తే అదే నీలం టోపీ. "మళ్ళీ ఆ టోపీతోనే వచ్చావా, సిగ్గు లేదురా?" అన్నాను. తలదించుకుని, "తియ్యొద్దు ఆంటీ, మా రూల్. మనోళ్ళు ఓడితే మొదలు ఓడగొట్టినోళ్ళ టోపీ పెట్టుకోవాలె, మళ్ళ గెల్చేదాంక. ఒక దినం నేను, ఒక దినం వాడు. ఇప్పుడు వాడి వంతు గూడ నాదే కద" అన్నావు.

వాడు అప్పుడప్పుడు రంగురంగుల టోపీలు పెట్టుకుని ముఖం మాడ్చుకుని తిరుగుతుంటే కొత్త సోకులనుకున్నాను. అది శిక్షని నాకేం తెలుసు? "మరి ఇంటికెందుకు రాలేదు?" అంటే "వాడి జాగా చూడలేను ఆంటీ" అన్నావు.

నీ టిష్యూ ప్యాకెట్ తీసి నువ్వు కూర్చున్నావు. వాడి ప్యాకెట్ తీసి నేనే కూర్చున్నాను, నీకు ఆ ఖాళీ కనపడకూడదని. ఇవాళా ఓడి చచ్చారు వెధవలు. "కెనాట్ మేకిట్ లా ఆంటీ, వీళ్ళతోని కాదు!" అని నువ్వు అరిచావు, నేను అంతకంటే గట్టిగా అరిచాను. వాడు పోయాక ఈ ఇంట్లో అరుపు వినపడటం ఇదే.

ఎర్రటోపీ మేకుకే ఉంది, పడెయ్యలేదు. అయితే ఒకటి. వాడి వంతు నువ్వు మొయ్యక్కర్లేదు, వాడికి అమ్మ ఉంది. రేపు ఆ నీలం టోపీ పంపించు. అది పెట్టుకునే కూరగాయలకి వెళ్తాను, నవ్వేవాళ్ళని నవ్వనీ.

ఎల్లుండి వచ్చి పట్టుకెళ్ళు. లోపలికొచ్చి.

లోహిత్ వంతు మనిషి,
కమల