బాకా మెడకు వేసిన సీలు

నగరపాలక కార్యాలయంలో పెంపుడు జంతువుల విభాగం చూసే అధికారి గారికి, కింది అంతస్తు ఒంటిగది వాటాలో ఉంటూ అచ్చాఫీసులో కాగితాలు మడతపెట్టే పనిచేసుకునే యువకుడు పెట్టుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా కుక్క మెడకు తమ శాఖవారు బిగించి సీలు వేసిన ట్రైనింగ్ కాలరును ఈ రోజే విప్పించుట గురించి.

మనవి చేయునది ఏమనగా, ఇది రెండో చిత్తు. మొదటి చిత్తులో తమను "ప్రజల జీతగాళ్లయిన మీరు" అని సంబోధించినందుకు మా అక్క ఆ కాగితం చింపేసింది. అక్క ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది. ఏ ముడత ఎక్కడ అణచాలో తెలిసిన మనిషి. "ఒరేయ్, అర్జీ రాస్తున్నావా, కరపత్రం వేస్తున్నావా?" అని అడిగింది. నేను మడతపెట్టే ప్రతి కాగితాన్నీ చదువుతాను, నా చదువంతా అదే. అందుచేత భాషలో ఎక్కడైనా వేడి తగిలితే తమరు మన్నించకపోయినా ఫర్వాలేదు, చివరిదాకా చదివితే చాలు.

1. సదరు కుక్క పేరు బాకా. పేరులోనే నేరం ఒప్పుకున్నట్టయింది. మొరుగుతుందా అంటే మొరుగుతుంది. నీళ్ల బండి వచ్చినా, గాలికి కిటికీ రెక్క కొట్టుకున్నా, వీధిలో కొత్తవాళ్లెవరైనా తుమ్మినా ఊరుకోదు. అక్కా నేనూ పనికి పోయాక ఇంట్లో నాన్నా అదీ ఇద్దరే. నాన్న నూలు మిల్లులో పనిచేసి, ఆ దూది దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకొని ఇంటికొచ్చిన మనిషి. మంచం మీద వెల్లకిలా పడుకోలేడు, దిండ్లకు ఆనుకొని కూర్చుంటాడు. ఆయనకు ఆయాసం వచ్చిందంటే బాకా ఎక్కడున్నా వచ్చి మంచమెక్కి, ఆయన రొమ్ముకు మెడ ఆనించి పడుకుంటుంది. అది దానికి మేము నేర్పింది కాదు. ఈ ఒక్క సంగతి తమరు గుర్తుంచుకోవలెను, మిగతాదంతా దీనిమీదే నడుస్తుంది.

2. ఫిర్యాదు చేసినవారు మా పై వాటాలో ఉండే నర్సు, మేము సిస్టరుగారు అంటాం. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటారు. ఫిర్యాదు చేసేముందు మెట్లు దిగి వచ్చి మర్యాదగా చెప్పారు కూడా. "బాబూ, నాది జనానికి సూదులు గుచ్చే పని. నిద్ర లేకపోతే నా చెయ్యి వణుకుతుంది. ఎవరి చేతికి గుచ్చమంటావో నువ్వే చెప్పు" అన్నారు. పనిచేసేవాళ్ల విశ్రాంతిని దోచుకోవడం గురించి నేను వీధి మలుపులో నిలబడి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. కనుక ఫిర్యాదు మీద నాకు ఫిర్యాదు లేదని ఇందుమూలముగా తెలియజేసుకుంటున్నాను.

3. తమ ఇన్‌స్పెక్టరు గారు మొరిగితే మెడకు కరెంటు కొట్టే ఆ కాలరు తెచ్చి, "చీమ కుట్టినట్టుంటుందంతే. మొరిగితే కుడుతుంది, నోరు మూసుకుంటే కుట్టదు. కుక్కకి మనకంటే తొందరగా అర్థమవుతుంది" అన్నారు. "అయితే ముందు తమరి మెడకు పెట్టుకొని ఆ మాటే గట్టిగా అనండి సార్" అన్నాను. అనకూడదు, అన్నాను. ఆ తర్వాత ఆయన కరెంటు పెంచే మీట ఎంత దూరం తిప్పారో, కోపంతో తిప్పారో, అందరికీ అలాగే తిప్పుతారో నాకు తెలియదు. తిప్పి, మేము విప్పుకోకుండా కాలరు చుట్టూ తీగ బిగించి సీసపు సీలు నొక్కారు. సీలు చెదిరితే కుక్కను స్వాధీనం చేసుకుంటామని నాన్నతో సంతకం పెట్టించుకున్నారు. మా నాన్న జన్మలో ఎవరి సీలూ చెరపలేదు.

4. బాకా మొరగడం మానేసింది. తమ రికార్డులో దీన్ని విజయమని రాసుకొని ఉంటారు.

5. మొరగడం మానేశాక కూడా కాలరు కుట్టడం మానలేదు. నాన్న రొమ్ము మీద కళ్లు మూసుకొని పడుకున్నదల్లా ఉన్నట్టుండి కుయ్యిమని ఎగిరి గోడకు కొట్టుకునేది. కిందపడి, వణికి, కాసేపటికి మళ్లీ ఎక్కి అక్కడే మెడ పెట్టేది. అక్క తమ కార్యాలయానికి వచ్చి అడిగితే, "మొరగకుండా కుట్టదమ్మా, మీరు చూడనప్పుడు మొరుగుతోందేమో" అని పంపేశారు. కుక్క అబద్ధమాడుతోందని తమ శాఖ అభిప్రాయం కాబోలు.

6. తర్వాత అదీ ఆగిపోయింది. కాలరు కుదురుకుందనుకున్నాం. దానితోపాటు నాన్న దగ్గు కూడా తగ్గిపోయింది. అక్క సంతోషపడి, "కొత్త మందు పట్టిందిరా" అంది. నేనూ నమ్మాను. కుక్కను హింసించే ప్రభుత్వాల గురించి అచ్చాఫీసులో మాట్లాడుతూ తిరిగాను గాని, మంచం మీదున్న మనిషి మొహం చూడలేదు.

చూసింది సిస్టరుగారు. నిన్న మధ్యాహ్నం నిద్ర మొహంతో దిగి వచ్చారు. మళ్లీ ఏం ఫిర్యాదో అని నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో తమ్ముడూ. మీ నాన్నగారు దగ్గడం లేదేం?"

"తగ్గింది సిస్టర్."

"ఆ రొమ్ము అలా తగ్గేది కాదు. కుక్క అరవకపోతే హాయిగా పడుకుందామనుకున్నాను. కింద దగ్గు కూడా వినబడకపోయేసరికి నాకు నిద్ర పట్టడం లేదు."

లోపలికి వచ్చి నాన్న వీపు మీద చెయ్యి వేశారు. నాన్న పెదవులు నల్లగా ఉన్నాయి, నోటికి దుప్పటి అంచు అడ్డం పెట్టుకొని ఉన్నాడు. బాకా ఆయన రొమ్ము మీద నిద్రపోతోంది.

"దగ్గండి బాబాయ్ గారూ."

నాన్న తల అడ్డంగా ఊపాడు.

"లోపలంతా కఫం గురగురలాడుతోంది. దగ్గండి."

"వద్దమ్మా" అన్నాడు. "దానికి తగులుతుంది."

7. అయ్యా, తమ కాలరుకు చెవులు లేవు. మెడ అదిరితే మొరుగుడు అనుకుంటుంది, ఎవరి అదురో దానికి అనవసరం. ఊహించి రాస్తున్నానని అనుకుంటారేమో, ఋజువు కూడా చూశాను. కాలరు లోపల కరెంటు కొట్టే ముళ్లకూ కుక్క మెడకూ మధ్య నా రెండు వేళ్లు దూర్చి, "ఇప్పుడు దగ్గు నాన్నా, నాకే తగులుతుంది" అన్నాను. ఆయన ఎంతకీ దగ్గలేదు. "నువ్వు మాత్రం పరాయివాడివా?" అన్నాడు. సిస్టరుగారు గదమాయిస్తే చివరికి ఒక్కటి దగ్గాడు. నా చెయ్యి మోచేతిదాకా ఝల్లుమంది. అది చీమ అయితే, అటువంటి చీమను నేనింతవరకు చూడలేదు.

నాన్న ఈ సంగతి అందరికంటే ముందే కనిపెట్టాడు. కనిపెట్టి మాకెందుకు చెప్పలేదంటే, నా సంగతి ఆయనకు తెలుసు గనుక. "నీకు చెబితే సీలు పీకేస్తావు. నా చేతి సంతకం ఉంది. వాళ్లొచ్చి దీన్ని పట్టుకుపోతారు. నేను కాస్త ఓర్చుకుంటే పోయేదేముందిరా?"

కుక్కను దించెయ్యొచ్చు కదా అని తమరు అడగవచ్చు. దించితే మళ్లీ ఎక్కుతుంది. కట్టేస్తే అరుస్తుంది, అరిస్తే కుడుతుంది. వేరే గదిలో పెడదామంటే మాకున్నది ఒకటే గది. దగ్గు ఇలాగే బిగపట్టుకుంటే ఏమవుతుందో సిస్టరుగారు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి చెప్పారు. అది ఇక్కడ రాయలేను. నాన్న ఈ అర్జీ చదివి వినిపించమంటాడు.

8. కనుక తమరిని కోరేది: ఈ కాగితం అందిన వెంటనే సీలు తీసే అధికారం ఉన్న మనిషిని పంపవలెను. ఇకముందు ఏ కుక్కకు కాలరు బిగించినా, అది ఎక్కడ పడుకుంటుందో, ఎవరి పక్కన పడుకుంటుందో ఆ ఇంటివాళ్లను అడిగి బిగించవలెను. మొరుగుడు విషయంలో మా పూచీ మాది. అక్క పొద్దుటి పని సాయంత్రానికి మార్చుకుంటోంది, మధ్యాహ్నం నేను తిండికి వచ్చినప్పుడు దాన్ని తిప్పుకొస్తాను, కిటికీ రెక్కకు మేకు కొట్టేశాను. అంతేగాని ఒకరి నిద్రకు ఇంకొకరి ఊపిరి ఖరీదు కట్టే ఏర్పాటును ఏ ప్రభుత్వమైనా...

(ఇక్కడ అక్క కలం లాక్కుంది. మిగతా రెండు పేజీలు జతపరచడం లేదు.)

పై విషయమును తమరు కుర్చీలోంచి కాక, ఒక్కసారి మా గుమ్మంలో నిలబడి చిత్తగించవలెనని వేడుకుంటున్నాను. వేడుకోవడం నాకు కొత్త.

సీలు విషయంలో ఇంకా తమ విధేయుడు,
బాకా ఇంటి చిన్నవాడు

తాజా కలం: పై సంతకంలో "విధేయుడు" అన్న మాట కొట్టేసినట్టుగా చదువుకోవలెను. కవరు అంటిస్తుండగా సిస్టరుగారు కట్లు కోసే కత్తెర పట్టుకొని వచ్చారు. నాన్న వద్దమ్మా వద్దమ్మా అంటుంటే, "ఫిర్యాదు చేసింది నేను, తెంచుతున్నదీ నేనే. ఎవరైనా వస్తే మేడ మీదికి పంపండి, ఎలాగూ మెలకువగానే ఉంటాను" అని తీగ తెంపేశారు. కాలరూ సీలూ ఇందులో జతపరిచాను. జరిమానా ఏమైనా ఉంటే నా పేర రాసుకోండి.

నాన్న ఇప్పుడు దగ్గుతున్నాడు. గది అదిరిపోయేలా, సిస్టరుగారు వీపు చరుస్తుంటే, పళ్లెంలోకి దగ్గుతున్నాడు. బాకా ఆయన రొమ్ముకు ఆనుకొనే ఉంది. ప్రతి దగ్గుకూ కళ్లు గట్టిగా మూసుకొని ఒళ్లు బిగబట్టుకుంటోంది. ఏమీ తగలకపోయేసరికి మెల్లగా తెరుస్తోంది. మళ్లీ దగ్గు వస్తే మళ్లీ మూసుకుంటోంది. మెడ మాత్రం తియ్యడం లేదు.

దాన్ని స్వాధీనం చేసుకోవడానికే తమవాళ్లు వచ్చేటట్టయితే, అది అలా కళ్లు మూసుకోవడం మానేదాకానైనా ఆగి రమ్మనండి.