నా పేరు రాసిన సమాధి

మహబూబ్‌నగర్,
మార్చి 2018

అమ్మకు,

నీ పెద్దబిడ్డ ఎస్తేరు వందనాలు చెప్పి రాసుకుంటున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఎండలు మొదలయ్యాక కాలి నొప్పి కూడా కొంచెం తగ్గింది. నువ్వు, తమ్ముడు డానియల్, మరదలు, పిల్లలు అక్కడ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. బైబిలు కూడబలుక్కుని చదివినట్టు నిదానంగా చదివినా సరే, తమ్ముడి చేతికి మాత్రం ఇవ్వకు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నీ గొంతు విని నేను ఏడుస్తాను, అసలు మాట అక్కడే ఉండిపోతుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. తింటున్నాను. హాస్టల్లో ఆడపిల్లలకు వండిందే నాకూ పెడతారు. ఆ పప్పులో నీళ్లు ఎక్కువ, పప్పు తక్కువ. నీ పచ్చిపులుసు గుర్తుకొచ్చి రోజూ ఒకసారి వంటమనిషిని తిట్టుకుంటాను. గేటు దగ్గర కాపలా కష్టమేమీ కాదు. అన్నేళ్లు తుపాకీ మోసినదాని చేతికి ఒక కర్ర, ఒక విజిల్ ఇచ్చారు. నేను అడవి నుంచి వచ్చినదాన్నని పిల్లలకు ఎట్లా తెలిసిందో తెలిసిపోయింది. మొన్న ఒకతె దగ్గరికి వచ్చి, "అక్కా, నిజంగనే కాల్చినవా?" అని అడిగింది. "ముందు నువ్వు లోపలికి నడువు, టైమైంది" అన్నాను. చెప్పులు వేసుకునే పడుకుంటున్నావా అని కూడా అడిగావు. అవునమ్మా, ఇంకా అట్లాగే పడుకుంటున్నాను. ఆ అలవాటు ఒక్కటే లొంగిపోలేదు.

ఇక సమాధి సంగతి. మన సమాధుల తోటలో జాగా చాలడం లేదని, బతికున్న మనిషికి సమాధి దేనికని సంఘం పెద్దలు అంటున్నారని రాశావు. మట్టల ఆదివారం దాటాక డానియల్ గడ్డపార పట్టుకుపోయి కూలగొడతాడట. ఈస్టర్‌కు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నాలు వేసేలోపు జాగా చదును చేస్తారట. నేను సరే అనడమే తరువాయి అని రాశావు. తమ్ముడి మాట కూడా వాడు అన్నది అన్నట్టే రాశావు: "అక్క నిమ్మలంగ బతికే ఉన్నదాయె. సచ్చినోళ్ల నడుమ అక్క పేరు సూస్తే నాకే మంచిగనిపిస్తలేదు."

వాడి బాధ నాకు తెలియనిది కాదు. లొంగిపోయి ఊరికి వచ్చిన ఏడాది ఈస్టర్ పొద్దున నా సమాధికి నేనే సున్నం వేశాను, గుర్తుందా? నవ్వాలో భయపడాలో తెలియక జనమంతా నోరు తెరుచుకుని చూశారు. పాస్టరయ్య పాట మరిచిపోయాడు. నేననుకుని మీరు ఆ లోపల పూడ్చిన పిల్ల ఎవరని ఆ రోజు ఎవరూ అడగలేదు. నువ్వు అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. నల్లమలలో పోలీసులతో ఆ కాల్పులు జరిగిననాడు వేరే దళం ఆడపిల్లలు కూడా మా వాళ్లతో ఉన్నారు. అడవిలో అసలు పేర్లు చెప్పుకోవడం ఉండదు. వాళ్లలో ఎవరో అయి ఉంటుందని అనుకున్నాను. నేను అంతకుముందే కాలికి చీము పట్టి, దళాన్ని వదిలి, దూరంగా ఒకరింట్లో పడి ఉన్నాను కదా. తర్వాత అంతా చెదిరిపోయాం. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో సరిగ్గా చెప్పగలిగినవాళ్లు మాలో లేరు.

జనవరిలో నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు అన్నం తింటూ తింటూ ఎందుకు లేచిపోయావు, నేనేం తప్పు మాట్లాడాను అని అడిగావు. నువ్వు ఏ తప్పూ మాట్లాడలేదు. దవాఖానలో శవాన్ని ఎట్లా గుర్తుపట్టావో ఆ రోజే మొదటిసారి చెప్పావు. ముఖం గుర్తుపట్టేటట్టు లేదని, పోలీసాయన తొందర పెడుతున్నాడని, అప్పుడు అంగీ కాలర్ తిప్పి చూశానని చెప్పావు. "తెల్ల దారం అయిపోతే ఎర్ర దారంతోటి కుట్టిన గద బిడ్డా, బాపు అంగీ. నా కుట్టు నేను ఆనవాలు పట్టనా?" అన్నావు. ఆ మాట వినే కంచం వదిలి లేచాను.

అమ్మా, ఆ అంగీ నా ఒంటి మీద లేదు. చనిపోయిన బాపు అంగీని నాకు సరిపోయేటట్టు చిన్నది చేసి, తెలిసినవాళ్ల చేత నువ్వు అడవికి పంపావు. నేను దళం నుంచి విడిపోయిన పొద్దున పుష్ప అనే పిల్లకు చలిజ్వరం వచ్చింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నా అంగీ విప్పి దానికి తొడిగాను. "మల్లొచ్చినంక ఇస్త అక్కా" అన్నది. నాకంటే చిన్నది, మహా వాగుడుకాయ. కాపలా కాసేటప్పుడు కూడా గుసగుసగా ముచ్చట్లు చెప్పేది. ఎన్నిసార్లు చీవాట్లు తిన్నా మానలేదు, తన అసలు పేరు కూడా దాచుకోలేదు. అది ఎక్కడో పెళ్లి చేసుకుని సంసారం చేసుకుంటున్నదని ఒకరు, ఉత్తరాది అడవుల్లో ఉన్నదని ఒకరు చెబితే నేను నమ్మాను. నమ్మడమే నాకు ఇష్టంగా ఉండె. మన ఊళ్లో నా పేరు కింద పడుకున్నది పుష్పే.

ఇంతవరకే అయితే జనవరిలోనే నీకు చెప్పేదాన్ని. పుష్ప తల్లి బతికే ఉన్నది. పేరు గుర్వమ్మ. జడ్చర్ల దగ్గరి పల్లె. నేను లొంగిపోయినట్టు పేపర్లో పడ్డప్పటి నుంచి బిడ్డ ఫొటో పట్టుకుని నా దగ్గరికి వస్తూనే ఉంది. సంతకు వచ్చినప్పుడల్లా ఒక సంచిలో పల్లికాయ తెచ్చి గేటు దగ్గర కూర్చుంటుంది. "నీ తోటిదే గద బిడ్డా, ఏమన్న ఎరుకైందా?" అంటుంది. "వస్తది అవ్వా" అనేదాన్ని. ఆ ఇంట్లో ఏటా పెత్రమాసకు గొడవే. పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే రోజున పుష్ప పేరు మీద కూడా ఇమ్మని పాలివాళ్లు పట్టుబడతారు. ఆమె ఇవ్వదు. "పీనుగను సూడలే, కాష్టం సూడలే. బియ్యమెట్లిస్త? ఇచ్చినంక ఆ పోరి వచ్చి గడపల నిలవడితె ఏమని జవాబు చెప్పాలె?" అని వాళ్ల నోరు మూయిస్తుంది.

నువ్వు బతికున్న బిడ్డ కోసం ఏడ్చి ఏడ్చి సమాధి కట్టావు. ఆమె పోయిన బిడ్డ కోసం తలుపు తెరిచి పెట్టుకుంది. నడుమ నేను. జనవరి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. గేటు నుంచి గోడ దాకా, గోడ నుంచి గేటు దాకా తిరుగుతున్నాను. గుర్వమ్మ వస్తే వంటింట్లో దాక్కుని, లేనని చెప్పించాను. పోలీసులకు దొరకకుండా అన్నేళ్లు తిరిగినదాన్ని, ఒక ముసలామె పల్లికాయ సంచిని చూసి దాక్కున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. చెబితే ఆమె ఏమవుతుందోనని భయం. చెప్పకపోతే గడ్డపార దిగుతుంది, ఆ పిల్లకు ఆనవాలు లేకుండా పోతుంది.

అందుకే నిన్ను అడగకుండానే పోయిన వారం ఆమెకు చెప్పేశాను. నీకు చెప్పడానికి భయపడి ఇంతసేపు చుట్టూ తిరిగిన మాట ఇదే.

"అవ్వా, పుష్ప ఇగ రాదు" అన్నాను.

"యాడుంది?" అన్నది.

"రామన్నపేట దిక్కు, మా ఊర్ల. నా పేరు రాసిన సమాధిల ఉన్నది." అంగీ సంగతంతా చెప్పాను.

చాలాసేపు సంచి మూతి ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చుంది. ఎవరు కాల్చారని అడగలేదు. ఎందుకు పోయిందని అడగలేదు.

"నీళ్లెవరు పోసిన్రు?"

"మా అమ్మ. తడిగుడ్డతోటి తుడిచి, తెల్లబట్ట కప్పిందంట."

"ఏడ్సిందా?"

"ఏడ్చింది. నా పేరు పెట్టి ఏడ్చింది."

"పేరుదేమున్నది. గట్టిగనే ఏడ్సిందా?"

"గొంతు పోయి నెల దాకా మాట రాలేదంట అవ్వా."

అప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హాస్టల్ పిల్లలు వచ్చి చుట్టూ నిలబడ్డారు. నేను విజిల్ ఊదలేదు, ఎవరినీ పొమ్మనలేదు.

ఆమె ఎముకలు తీసుకుపోతానంటుందేమో, నీతో తగాదా పడుతుందేమో అనుకున్నాను. "తవ్వొద్దు బిడ్డా. పండుకున్నదాన్ని లేపొద్దు. సిలువ ఉంటే ఉండనియ్యి. నా బిడ్డ పేరొక్కటి రాయించు, సాలు" అన్నది. ఈసారి పెత్రమాసకు బియ్యం ఇస్తుందట.

కాబట్టి డానియల్‌ను ఆపు. ఎందుకని అడిగితే అప్పుడు వాడికి అంతా చెప్పు. సంఘం పెద్దలు జాగా గురించి మాట్లాడితే, అందులో మనిషి ఉన్నదని, ఆమెకు తల్లి ఉన్నదని చెప్పు. వినకపోతే నేను వచ్చి మాట్లాడతాను. ఇంకొకరి బిడ్డను నా బిడ్డ అనుకున్నానే అని నువ్వు కుమిలిపోకు. నువ్వు అట్లా అనుకోకపోతే దాన్ని ఏ మున్సిపాలిటీ గుంతలోనో దిక్కులేని పీనుగని పడేసేవాళ్లు.

ఈస్టర్‌కు గుర్వమ్మను తోలుకొస్తున్నాను. ముందు రోజే దిగుతాం. ఆమెతో ఏం మాట్లాడాలోనని నువ్వు కంగారు పడతావని నాకు తెలుసు. ఏమీ మాట్లాడనక్కరలేదు. ఆమె నీ దగ్గర ఒక్కటే అడిగింది. బస్సెక్కే ముందు నా భుజం పట్టుకుని, "మీ అమ్మ చేతులు ఒక్కపారి పట్టుకుంట. నా బిడ్డను ఆఖరుకు ముట్టినయి గవ్వే గద" అన్నది.

పట్టుకోనివ్వు అమ్మా.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
ఎస్తేరు