నూట ఎనభై ఏడో రాయి

అన్నయ్యకు చెల్లెలి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. నా మోకాలు ఒక్కటే క్షేమంగా లేదు. మా ఆయనకి దగ్గు తగ్గింది, చిరాకు తగ్గలేదు. వదిన చేతికి కట్టు విప్పారో లేదో నువ్వు రాయనేలేదు, ఈసారైనా రాయి. నేను మాత్రం చాలా సంతోషంగా ఉన్నాను. మంచి సంతోషం కాదు, పగ తీరిన సంతోషం. ముందే చెప్పేస్తే నీకూ నాకూ సుఖం.

రోడ్డు రిజిస్టరు పని ఎక్కడిదాకా వచ్చిందని అడిగావు. పూర్తయింది. నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లూ కాలినడకన టేపుతో కొలిచాను. మీ రేవు గేటు దగ్గర సున్నా రాయి నుంచి బయల్దేరి, ఇటుక బట్టీలు దాటి, పొడుగు వంతెన మీదుగా నది దాటి, ఉత్తరాన కొండలెక్కి, సరిహద్దు గేటు ముందు చివరి రాయి దాకా. రాళ్ల మీద అంకెలు రాసే పెయింటరుగా చేరినదాన్ని, ముప్ఫై ఒక్క ఏళ్లకి సర్వేయరునై అవే రాళ్లని లెక్కపెట్టాను. అడవి మొదలయ్యే చోట టీకొట్టు ఇంకా ఉందా అని కూడా అడిగావు. ఉంది. టీ కూడా అప్పటిదే అనుకుంటా.

"ఆ మనిషి గురించి మాత్రం రాయకు" అన్నావు. ఆ మనిషి మన నాన్న. రాస్తాను. నీకు తెలిసిన కథే అయినా మొదటి నుంచి చెబుతాను, ఎందుకంటే నీకు తెలిసినదాంట్లో ఒకటి తప్పు.

నాన్న గ్యాంగు మేస్త్రీ. నూట డెబ్బై తొమ్మిదో రాయి నుంచి నూట ఎనభై ఏడో రాయి దాకా రోడ్డు బాగోగులు ఆయనవి. అది దాటితే ఓవర్సీరు తన సొంత మనుషులతో చేయించుకునే ముక్క. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట వానల్లో, ఓవర్సీరు ముక్కలో కల్వర్టు పక్కగోడ కూలిపోయింది. ఎవరూ అడ్డు పెట్టలేదు, ఎర్రగుడ్డ కట్టలేదు. బస్సు వాగులో పడి పదకొండు మంది పోయారు. విచారణకి వచ్చినవాళ్లు చూసేసరికి కల్వర్టు నూట ఎనభై ఏడో రాయికి ఇవతల, అంటే నాన్న ముక్కలో ఉంది. "అయ్యా, రాయి కల్వర్టుకి ముందుండేదండీ, ఎవరో జరిపారండీ" అని నాన్న మొత్తుకున్నాడు. "ఏమయ్యా, రాయికి కాళ్లొచ్చాయా?" అని విచారణాధికారి నవ్వాడు. ఆ మాట పట్టుకుని ఊరంతా నవ్వింది. నువ్వు పనిచేసే వర్క్‌షాపులో నీ పేరు పోయి 'రాయికాళ్లు' అయింది. అబద్ధమాడితే ఆడాడు, నమ్మేలా ఆడొచ్చు కదా అని నువ్వు ఇల్లు వదిలి వెళ్లిపోయావు. నాలుగేళ్లకి నాన్న పోతే రాలేదు.

ఇప్పుడు విను. రాయికీ రాయికీ మధ్య వెయ్యి మీటర్లుండాలి. ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి. మలుపు తీసేసి రోడ్డు తిన్నగా చేసినచోట కిలోమీటరు కురచవుతుంది. అలాంటివి దారి మొత్తానికి మూడున్నాయి, మూడింటికీ ఆర్డరు కాగితాలున్నాయి. నూట ఎనభై ఆరో రాయి నుంచి ఎనభై ఏడుకి పన్నెండు వందల పది మీటర్లు. అక్కణ్ణుంచి ఎనభై ఎనిమిదికి ఏడు వందల తొంభై. దీనికి ఏ కాగితమూ లేదు. ఇన్నేళ్లూ ఎవరూ కొలవలేదు అన్నయ్యా, పాత రిజిస్టరు చూసి కొత్త రిజిస్టరు రాసేసుకున్నారు.

ఓవర్సీరు బతికే ఉన్నాడు. ఎనభై దాటాయి. నూట తొంభై ఒకటో రాయి దగ్గర రోడ్డు మీదకే ఇల్లు కట్టుకున్నాడు. ఆ కల్వర్టు స్థానంలో కొత్త వంతెన కడితే, దానికి తన పేరు పెట్టించుకోవాలని ఆఫీసు చుట్టూ తిరిగి ఒప్పించాడు కూడా. బోర్డు మీద అక్షరాలు నన్నే రాయమని కబురు పంపాడు. వెళ్లాను. జీపు ఎక్కించుకుని రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను.

"ఒక చెయ్యి వేస్తారా సార్, కొలతకి మనిషి లేడు," అన్నాను.

"అదెంత పనమ్మా! నేను కొలవని రోడ్డుందా?" అని టేపు కొస పట్టుకున్నాడు.

ముప్ఫై మీటర్ల టేపు నలభై ఒక్క సార్లు పరిచాం, నలభై ఒక్క సార్లూ ఆయనే వంగి కొస నేలకి ఆనించాడు. నడుం పట్టేసినా నేను ఆపలేదు. ఆపాలనిపించలేదు. మా పనిలో టేపు కొస పట్టినవాళ్లు కొలతల పుస్తకంలో సంతకం పెట్టాలి. జీవితమంతా చదవకుండా సంతకాలు పెట్టిన మనిషి, ఇదీ చదవకుండానే పెట్టాడు. అప్పుడు చదివి వినిపించాను. పన్నెండు వందల పది.

"ముసలాణ్ణమ్మా, వదిలెయ్. ఎప్పటి సంగతో అది."

"మా నాన్న ముసలాడు కాకుండానే పోయాడు సార్," అన్నాను. జీపెక్కి వచ్చేశాను. ఆయన నాలుగు కిలోమీటర్లూ నడిచి వెళ్లాడో, లారీ ఎక్కి వెళ్లాడో అడగలేదు.

రిజిస్టరు పెద్దాఫీసుకి వెళ్లింది. కాగితం లేని తేడా ఏమిటని పిలిచి అడిగితే, వెయ్యి మీటర్లని ఓవర్సీరు చేతిరాతతో ఉన్న పాత రిజిస్టరూ, ఆయన సంతకమున్న కొత్త కొలతా పక్కపక్కన పెట్టాను. వంతెనకి పేరు రద్దయింది. మొన్న నేను అటు వెళ్తుంటే ఓ లారీ డ్రైవరు ఆయన గేటు ముందు బండి నెమ్మది చేసి "సార్, రాయికి కాళ్లొచ్చాయంట కదా!" అని అరిచాడు. వరండాలో కూర్చున్న మనిషి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. నాకు జాలి వెయ్యలేదు. ఇంకో లారీ వస్తే బాగుండునని కాసేపు నిలబడ్డాను.

ఇక్కడితో ఆపితే ఈ ఉత్తరం నాకు అనుకూలంగా ఉంటుంది. ఇన్నేళ్లూ ఇలాగే ఆపాను.

ఆ రాయి మీద అంకె రాసింది నేను. ఉద్యోగంలో చేరి పది రోజులు. బస్సు పడిన మూడో రోజు ఓవర్సీరు జీపులో తీసుకెళ్లి, "బురదకి అంకె పోయిందమ్మా, మళ్లీ రాసెయ్" అన్నాడు. రాయి మొదట్లో మట్టి కొత్తగా ఉంది. చూశాను. నాన్నకి క్యారియరు ఇవ్వడానికి ఎన్నిసార్లు వెళ్లానో, ఆ రాయి ఎక్కడుండాలో నాకు తెలియదా? అయినా రాశాను. తర్వాత ఓవర్సీరు "రాసింది నువ్వేనమ్మా, గుర్తుంచుకో" అన్నాడు. గుర్తుంచుకుని నోరు మూసుకున్నాను.

విచారణ ఆఖరి రోజు నాన్నని ఆ చోటికి తీసుకెళ్లారు. రాయి చూశాడు. నా ఏడుకి తోక ఉంటుంది, నాకు అంకెలు నేర్పినప్పటి నుంచీ ఆయన ఎంత చెప్పినా మానలేదు. రాయి ముందు కాసేపు కూర్చుని, లేచి, "నేనే పొరబడ్డానండీ, రాయి ఇక్కడే ఉండేది" అన్నాడు. "చూశావా, ఒప్పుకున్నాడు" అని ఆ సాయంత్రమే నువ్వు పెట్టె సర్దుకున్నావు. నీ తప్పు ఇక్కడ ఉంది అన్నయ్యా. ఆయన ఒప్పుకున్నది తన తప్పు కాదు, నాది. నువ్వు గుమ్మం దాటుతుంటే నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. నాన్న నా వంక చూసి చెప్పొద్దన్నట్టు తలూపాడు. నాకూ కావాల్సింది అదే.

రిజిస్టరులో ఇదీ రాశాను. జరిపిన రాయి మీద అంకె వేసినది ఈ రిజిస్టరు తయారుచేసిన సర్వేయరే అని. ఆఫీసు నన్ను ఏం చేస్తుందో చేస్తుంది, దానికి భయం లేదు. వచ్చే నెల రాయిని పాత చోటికి తెస్తున్నారు. అంకె నన్ను రాయమంటే రాయనన్నాను.

మన ఇంటికి చేసినదానికి ఇద్దరి మీద పగ తీరాలి. ఓవర్సీరు సంగతి నేను చూశాను. నా సంగతి చూడాల్సింది నువ్వే. ఉత్తరంలో తిడితే చాలదు, వచ్చి చూడు.

ఇట్లు,
ఏడుకి తోక పెట్టే నీ చెల్లెలు