ఇద్దరు పట్టే సంచీ

నా దుప్పటంతా లాగేసుకునే మహారాజశ్రీ సూరిబాబు బావగారి దివ్య సముఖానికి,

నువ్వు జ్వరంతో పోయి నేటికి ఏడాది. మనం కలిసి వెళ్దామనుకున్న అనంతగిరి క్యాంపుకి నేనొక్కణ్ణే వచ్చాను. వచ్చేముందు హార్బరు దగ్గర, ఓడల్లోంచి దిగిన పాత సామాన్లమ్మే కొట్టులో స్లీపింగ్ బ్యాగులు చూశాను. ఒకటి ఒక్కరికి సరిపోయేది, ఇంకోటి ఇద్దరు పట్టేది. మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ పెద్దదాంట్లో దూరి, మహా గంభీరంగా పరీక్షించాను.

కొట్టు మావయ్య నవ్వాడు. "ఒక్కడివే ఎల్తన్నావు కదేటి బావూ! మరి ఆ పక్కంతా ఎవురికి ఒగ్గేసినావు?"

చూసుకుంటే, అలవాటుగా ఒక వారకి ముడుచుకుని ఉన్నాను. హాస్టల్లో మన ఒక్క దుప్పటి కింద నువ్వు నాకు మిగిల్చే జాగా అంతే కదా!

"ఆడు లావుపాటోడు మావా," అన్నాను. పెద్దదే కొన్నాను.

ఇప్పుడే తెల్లవారింది. నువ్వు చెబితే కోతలనుకున్నాను గానీ బావా, మబ్బులు నిజంగానే మన కాళ్ళ కింద ఉన్నాయి! కొండలు వాటి మధ్య దీవుల్లా తేలుతున్నాయి.

నీ వైపు జిప్పు తెరిచాను. లేచి చూడు.