తెల్లగుడ్డ మీద పసుపు అడుగులు

నీ తెల్లగుడ్డ ఇవాళ మాసింది. తిట్టకు, ముందు విను.

నువ్వు పోయాక కూడా మన ఫొటో స్టూడియోలో నీ పద్ధతే నడుస్తోంది. చెప్పులు గుమ్మం బయటే. ఎవరైనా సరే, కాళ్లు కడుక్కుని తువ్వాలతో తుడుచుకున్నాకే, గోడ నుంచి నేల మీదికి పరిచిన ఆ గుడ్డ మీద నిలబడాలి. సిరిసిల్లలో నువ్వు దగ్గరుండి నేయించుకొచ్చిన గుడ్డ కదా.

ఇవాళ కొండగట్టులో దర్శనం చేసుకుని ఓ కొత్తజంట ఫొటోకి వచ్చింది. పెళ్లికూతురి పాదాల నిండా పసుపు. అలవాటుగా తడి తువ్వాల అందించాను. వాళ్లత్త అడ్డుపడింది.

"కొత్తకోడల్ని కాళ్ల పసుపు తుడువమంటవా అక్కా? నీకు ఎర్కలేదా?"

ఎరుకే. నువ్వు పోయిన పదోనాడు నా కాళ్ల పసుపు కడిగించారు.

"ఏం గాదు, గట్లనే నిలవడు బిడ్డా" అన్నాను.

ఫొటో బాగా వచ్చింది. గుడ్డ మీద రెండు పసుపు అడుగులు మిగిలాయి. సబ్బు పెడితే పసుపు ఎర్రబడుతుందని, ఎండకే పోతుందని నువ్వే చెప్పేవాడివి. రేపు ఎండలో వేస్తాను.

వాళ్లు వెళ్లాక షట్టర్ సగం దించి, ఆ అడుగుల మీద నా కాళ్లు పెట్టి కాసేపు నిలబడ్డాను.

చెప్పులు బయటే విప్పానులే.